ఆటబల్లపై నగరం

నగర ప్రణాళికా విద్యలో ఆటను బోధనా సాధనంగా చేసుకొన్న సంప్రదాయం 1960వ దశకంలో అమెరికా విశ్వవిద్యాలయాల్లో వేళ్లూనుకొన్నది. పంతొమ్మిదో శతాబ్దంలో ప్రష్యా సైన్యాధికారులు పటాలపై ఆడిన యుద్ధక్రీడ, ఆ తరువాత వాణిజ్య విద్యాలయాల్లోకి వచ్చిన వ్యాపార క్రీడలు దీనికి పూర్వరూపాలు. ఒకసారి వేసిన రహదారిని, పెరిగిపోయిన వాడను వెనక్కి తీసుకోవడం అసాధ్యం కనుక, పొరపాటు చేసి దాని ఫలితాన్ని కొద్ది గంటల్లోనే చవిచూడగల నమూనా నగరం ఆచార్యులకు అవసరమైంది.

మిషిగన్ రాష్ట్రంలో రిచర్డ్ డ్యూక్ లాన్సింగ్ నగరాన్ని ఆధారం చేసుకొని ‘మెట్రోపొలిస్’ అనే ఆటను రూపొందించి, 1964లో దానిపై తన అధ్యయనాన్ని వెలువరించాడు. అదే దశకంలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఆలన్ ఫెల్ట్ తయారుచేసిన ‘క్లగ్’, అంటే భూవినియోగ క్రీడ, అంతకంటె సరళమైనది. బోధనకు ఎక్కువ అనువైనదీ అదే. గళ్ల బల్లపై విద్యార్థుల జట్లు స్థలాలు కొని కర్మాగారాలు, ఇళ్లు, దుకాణాలు నిర్మిస్తాయి. ఇంటికీ పనిచోటికీ మధ్య దూరం పెరిగినకొద్దీ రవాణా ఖర్చు పెరుగుతుంది. మౌలిక వసతులను కొత్త గళ్లకు విస్తరించాలంటే ఉమ్మడి నిధి కావాలి, ఆ నిధికి పన్ను కావాలి, ఆ పన్ను ఎంతో జట్లన్నీ కలిసి తేల్చుకోవాలి. స్థలం ధర దాని స్థానాన్ని బట్టి ఏర్పడుతుందన్న అర్థశాస్త్ర సూత్రాన్ని విద్యార్థి పుస్తకంలో చదవడానికి బదులు, బేరంలో నష్టపోయి గ్రహించేవాడు. నియమాలు బల్ల మీదే ఉండేవి కనుక వాటిని ప్రశ్నించడానికి, మార్చడానికి కూడా వీలుండేది. ఈ ఆటల అసలు విలువ బహుశా అక్కడే ఉంది.

వాస్తుశిల్ప విద్యలో ఆట మరో దారి పట్టింది. 1980వ దశకంలో మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో జాన్ హబ్రాకెన్ రూపొందించిన క్రీడల్లో ఒకటైన ‘మౌన క్రీడ’లో, ఒకరు మనసులో ఒక నియమం పెట్టుకొని ముక్కలను అమరిస్తే, రెండవవారు మాట లేకుండానే ఆ నియమాన్ని పసిగట్టి అమరికను కొనసాగించాలి. రూపకల్పన ఒంటరి ప్రతిభ కాదని, పలువురి మధ్య కుదిరే ఒప్పందమని హబ్రాకెన్ చాలాకాలంగా చెబుతూ వచ్చిన వాదానికి ఇది ఆచరణ రూపం.

1989లో విల్ రైట్ ‘సిమ్‌సిటీ’ని విడుదల చేసిన తరువాత తరగతి గదుల్లోకి కంప్యూటర్ నగరం ప్రవేశించింది. దాని వెనుక ఉన్న ప్రేరణల్లో జే ఫారెస్టర్ 1969లో రాసిన ‘అర్బన్ డైనమిక్స్’ ఒకటి; పేదలకు చౌక గృహాలు కట్టడం నగర క్షీణతను పెంచుతుందన్న ఆ గ్రంథ నిర్ణయం తీవ్ర వివాదానికి గురైనది. క్లగ్‌లో అటువంటి సూత్రం ఉండి ఉంటే ఏదో ఒక జట్టు అభ్యంతరం చెప్పి ఉండేది. సిమ్‌సిటీలో సూత్రాలు యంత్రం లోపల దాగి ఉంటాయి. పైగా ఆటగాడు ఏకైక మేయరు, కాబట్టి అతనితో బేరమాడేవారు గాని, పన్నుపై వాదించేవారు గాని ఎదుట ఉండరు.