ఎవరి నోట ఎవరి మాట - గ్రీకు సాహిత్యంలో బానిస

గ్రీకు సాహిత్యం అనగానే మన క్లాసురూముల్లో హోమర్ కావ్యాలు, సోఫోక్లిస్ విషాదాంతాలు, అరిస్టాటిల్ కావ్యశాస్త్రం వరసగా వచ్చేస్తాయి. విధి, వీరుడు, పతనం గురించి గంటలు గంటలు చెప్తారు. ఆ నాటకం చూసినవాళ్ల ఇళ్లల్లో పిండి విసిరిందెవరు, ఆ నగరానికి వెండి తవ్విపెట్టిందెవరు అన్న ప్రశ్న మాత్రం రాదు. మేము ఆ ప్రశ్న దగ్గర్నుంచే మొదలుపెట్టదలిచాం.

జోతిబా ఫూలే 1873లో వెలువరించిన 'గులామ్‌గిరి' ఇంగ్లీషు ముందుమాట మొదట్లోనే హోమర్ వాక్యం ఒకటి ఉంది. బానిసత్వం మనిషి గుణాన్ని తినేస్తుందన్నది దాని భావం. 'ఒడిస్సీ'లో ఆ మాట అన్నది యుమేయస్ అనే పందుల కాపరి. అతనూ బానిసే. దొర ఇరవై ఏళ్లుగా ఇంట లేడు, ముసలి కుక్కని పట్టించుకునే దిక్కు లేదు, నెత్తిమీద దొర లేకపోతే దాసీలు పనిచెయ్యరు అని సణుగుతూ అంటాడు. అంటే అక్కడది బానిసత్వం మీద తీర్పు కాదు, తోటి బానిసల మీద ఫిర్యాదు. దొర మనసులో మాట బానిస నోట పలికించడమంటే ఇదే. పైగా యుమేయస్ పుట్టుకతో రాజు కొడుకు. పసితనంలో ఎత్తుకొచ్చి అమ్మేశారు. నమ్మకమైన బానిసక్కూడా రాజరక్తమే ఉండాలన్నమాట!

అదే కావ్యంలో దొర తిరిగొచ్చాక పన్నెండుమంది దాసీలని ఉరితీస్తారు. పెనెలోపిని పెళ్లాడ్డానికి వచ్చిన మగవాళ్లతో పడుకోవడం వాళ్ల నేరం. ఆ మగవాళ్లు దాసీలని బలవంతం చేశారని అంతకుముందు ఒడిస్సియస్సే అంటాడు. అయినా శిక్ష తప్పలేదు. చచ్చేముందు శవాలు మోయించి, ఇల్లు కడిగించి మరీ ఉరేశారు. ఇలాంటి కావ్యంలోని వాక్యాన్ని ఫూలే దొరల పక్కనుంచి లాక్కొచ్చి బానిసత్వం మీదికే తిప్పాడు. చదవడమంటే ఏమిటో మనం అక్కడే నేర్చుకోవాలి.

ఇక ఏథెన్స్ నాటకం. క్రీ.పూ. 472లో ఎస్కిలస్ 'పర్షియన్లు' ఆడించడానికి ఖర్చు పెట్టుకున్నది పెరిక్లిస్. సలామిస్ యుద్ధంలో (క్రీ.పూ. 480) పర్షియా ఓడిపోవడం ఆ నాటకానికి వస్తువు. ఆ యుద్ధనౌకలు కట్టింది లారియన్ గనుల వెండితో. ఆ గనుల్లో దిగినవాళ్లు ఎక్కువమంది బానిసలు. నిసియస్ అనే సేనాని వెయ్యిమంది బానిసలని తలకి రోజుకో ఓబోల్ చొప్పున గనులకి అద్దెకిచ్చాడని జెనొఫోన్ రాశాడు. మనకి పూర్తిగా దక్కిన నాటకాల్లో గని బానిస కథానాయకుడైనది ఒక్కటీ లేదు.

బానిసలు రంగం మీద లేరని కాదు. దాది, కాపరి, వార్తాహరుడు - చాలాచోట్ల పేరు కూడా లేకుండా - ఉన్నారు. అందరూ చదివిన 'ఈడిపస్'నే తీసుకుందాం. చంపమని ఇచ్చిన పసిబిడ్డని జాలిపడి బతికించింది ఓ ముసలి కాపరి. అతను ఆ ఇంట్లోనే పెరిగిన బానిస. నిజం తెలిసిందీ అతనికే. ఆ నిజం రాబట్టడానికి రాజు అతని చేతులు వెనక్కి విరిచి కట్టమంటాడు. ఏథెన్స్ కోర్టుల్లో బానిస సాక్ష్యం చెల్లాలంటే చిత్రహింస పెట్టి చెప్పించాలన్నదే నియమం. చూసేవాళ్లకి అది కొత్తగా తోచి ఉండదు. మన పాఠాల్లో విధి గురించి పేజీలున్నాయి, ఆ కట్టిన చేతుల గురించి ఒక్క ముక్క లేదు.

యూరిపిడిస్ కొంత నయం. క్రీ.పూ. 416లో ఏథెన్స్ సైన్యం మెలోస్ దీవిని ముట్టడించి, లొంగదీసుకుని, మగవాళ్లని చంపి, ఆడవాళ్లని పిల్లలని బానిసలుగా అమ్మింది. క్రీ.పూ. 415లో అదే నగరం ముందు అతను 'ట్రాయ్ స్త్రీలు' పెట్టాడు. ఓడిన ఊరి ఆడవాళ్లు పంపకాల కోసం ఎదురుచూసే నాటకం అది. ధైర్యమే, కాదనం. కానీ అందులోనూ మన కన్నీళ్లు బానిసలైపోయిన రాణుల కోసమే. పై నుంచి కింద పడితేనే విషాదం. కిందే పుట్టినవాడికి పతనం ఎక్కడిది? అరిస్టాటిల్ దీన్నే సిద్ధాంతం చేశాడు. 'రాజనీతి'లో బానిసని ప్రాణమున్న పనిముట్టు అన్నాడు, కొందరు స్వభావం చేతనే బానిసలన్నాడు. కావ్యశాస్త్రం రాసిందీ ఆ చెయ్యే. రెంటినీ విడదీసి చదవమంటే మేము ఒప్పుకోం.

అయితే గ్రీకు బానిస, మన అంటరానివాడు ఒకటేనని తేల్చెయ్యడం కూడా తప్పే. బానిసకి విముక్తి ఉండేది. ఆర్గినుసే యుద్ధంలో (క్రీ.పూ. 406) ఓడ తెడ్లేసిన బానిసలని ఏథెన్స్ విడిచిపెట్టింది కూడా. అంటరానితనం నుంచి అలా విడుదల చేసే యజమాని లేడు, దాన్ని శాస్త్రమే తప్పనిసరి చేసింది. అందుకే రెంటినీ పోల్చిన అంబేడ్కర్ అంటరానితనమే మరింత హీనమని తేల్చాడు.

పోలిక కోసం కాదు, పద్ధతి కోసం మనం గ్రీకు నాటకం చదవాలి. ఏ కావ్యం చేతికొచ్చినా ముందు అడగవలసింది: ఇందులో మాట్లాడుతున్నదెవరు, అతని నోట మాట్లాడిస్తున్నదెవరు? రామాయణానికీ, మాలపల్లికీ, రేపు మనం రాయబోయేదానికీ కూడా ఈ ప్రశ్న వర్తిస్తుంది.