ఉయ్యాల బొంత

మా అమ్మాయికి నెలలు నిండుతున్నాయని, అమ్మ పాత చీరలు కత్తిరించి చిన్న బొంత మొదలుపెట్టాను. అమ్మ ఇష్టంగా కట్టుకున్న వంగపండు రంగు చీర ముక్క నెమలికంఠం రంగు పక్కన పెడితే వెలిసిపోయినట్టు కనిపించింది. పాతబడిపోయిందని తీసేయబోయాను. అదే ముక్క మెంతిరంగు పక్కకి చేరగానే కళకళలాడింది!

ఇలాంటి చిక్కే దాదాపు 200 ఏళ్ళ క్రితం ప్యారిస్‌లో వచ్చింది. గోబెలిన్ అనే చోట గోడకి వేలాడదీసే బొమ్మల తివాచీలు నేసేవారు. నల్లనూలు సరిగ్గా నల్లగా లేదని అక్కడ ఫిర్యాదు. 1824లో అద్దకం విభాగానికి పెద్దగా వచ్చిన షెవ్రోల్ అనే రసాయన శాస్త్రవేత్త పరీక్షించి చూస్తే అద్దకంలో లోపమేమీ లేదు. పక్కనున్న నీలం, ఊదా రంగులే ఆ నలుపుని వెలవెలబోయేలా చేస్తున్నాయి. దీని మీద ఆయన 1839లో పెద్ద పుస్తకమే వేశాడు.

ఆ పుస్తకంలోని సంగతి బొంతలో కనిపించింది 1911లో. సోనియా డెలోనే అప్పటి రష్యా సామ్రాజ్యంలో పుట్టి, ప్యారిస్‌లో స్థిరపడిన చిత్రకారిణి. కొడుకు చార్లెస్ పుట్టాక, తను రైతుల ఇళ్ళల్లో చూసిన బొంతల్లాగే గుడ్డముక్కలు కలిపి ఉయ్యాలలోకి ఒకటి కుట్టింది. పొడవు మీటరుకి కాస్త ఎక్కువ, అంతే. పువ్వూ లేదు, బొమ్మా లేదు. రంగు పక్కన రంగు. అది చూశాకే ఆవిడా, భర్త రాబర్టూ రంగులతోనే బొమ్మ నడిపించే పద్ధతిలోకి వెళ్ళారు. 1964లో లూవ్ర్ మ్యూజియం ఆవిడ చిత్రాలతో ప్రత్యేక ప్రదర్శన పెట్టింది. బతికుండగా ఆ గౌరవం దక్కిన మొదటి మహిళ ఆవిడే. ఆ ఉయ్యాల బొంత ఇప్పుడు ప్యారిస్‌లోని ఆధునిక చిత్రకళా మ్యూజియంలో ఉంది.

ఇదంతా చదువుతుంటే అమ్మే గుర్తొచ్చింది. సూదిలో దారం ఎక్కించే ముందు ముక్కలన్నీ నేలమీద పరిచి, ఒకటి అటు, ఒకటి ఇటు మారుస్తూ గంటలు గంటలు కూర్చునేది. "ఇంకా ఎంతసేపమ్మా, ఏదో ఒకటి కుట్టెయ్యి" అని విసుక్కునేదాన్ని. ఆవిడ చూస్తున్నదేమిటో నాకు తెలియలేదు. ఆ బొంతలు ఏ మ్యూజియానికీ వెళ్ళలేదు. మా ఒంటిమీదే అరిగి, చివరికి మసిగుడ్డలయ్యాయి.

మీరూ చిన్నదొకటి కుట్టి చూడండి. ముక్కలు పరిచి ఒక పూట అలాగే వదిలెయ్యండి. ఏ ముక్కనీ మాత్రం పక్కరంగు మార్చి చూడకుండా పారేయకండి.