థెర్మోపిలే: హెరొడోటస్ కథనం, తెర, తరగతి గది

ఉపోద్ఘాతం

క్రీ.పూ. 480లో గ్రీసులోని థెర్మోపిలే కనుమ వద్ద స్పార్టా రాజు లియొనిడాస్ నాయకత్వంలోని గ్రీకు సేన పారశీక చక్రవర్తి జెర్క్సీస్ సైన్యాన్ని మూడు రోజుల పాటు నిలువరించి, చివరకు ఓడిపోయింది. యుద్ధపరంగా ఇది పరాజయం. అయినా గ్రీకు చరిత్రలో ఇంతగా పునఃకథనానికి నోచుకున్న ఘట్టాలు అరుదు. నేటి విద్యార్థికి ఇది మొదట పరిచయమయ్యేది తరచుగా చలనచిత్రం ద్వారానే. ఆ పునఃకథనాల్లో ఏది నిలిచింది, ఏది జారిపోయింది, దాని పర్యవసానమేమిటి అనే ప్రశ్నలను పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

హెరొడోటస్ కథనం

ఈ యుద్ధానికి ప్రధానాధారం హెరొడోటస్ రచన. ఆయన పుట్టిన హలికర్నాసస్ పట్టణం అప్పటికి పారశీక సామ్రాజ్యంలోనిది. గ్రీకుల ఘనకార్యాలతోపాటు గ్రీకేతరుల ఘనకార్యాలు కూడా మరుగున పడకుండా చూడటమే తన లక్ష్యమని ఆయన గ్రంథారంభంలోనే ప్రకటించాడు. తరువాతి కాలంలో ప్లూటార్క్ ఆయనను పరజాతి పక్షపాతి అని నిందించడానికి ఈ సమదృష్టి ఒక కారణం.

హెరొడోటస్ లెక్క ప్రకారం కనుమ వద్ద చేరిన గ్రీకులు ఐదు వేలకు పైగా ఉన్నారు. వారిలో స్పార్టన్లు 300 మంది మాత్రమే. కొండదారి గుట్టు బయటపడ్డాక అధిక సంఖ్యాకులు వెనుదిరిగారు. థెస్పియా నగరానికి చెందిన 700 మంది స్వచ్ఛందంగా నిలిచి మరణించారు. 400 మంది థీబ్స్ వారిని లియొనిడాస్ బలవంతంగా ఉంచుకున్నాడని హెరొడోటస్ అంటే, ప్లూటార్క్ దానిని ఖండించాడు. స్పార్టన్ల వెంట వారి దాస్యంలో ఉన్న హెలట్లు కూడా ఉన్నారు. యుద్ధానంతరం శవాలను చూడవచ్చినవారు అవన్నీ స్పార్టన్లవి, థెస్పియన్లవి అనే భ్రమించారనీ, నిజానికి వాటిలో హెలట్లు కూడా ఉన్నారనీ హెరొడోటస్ నమోదు చేశాడు. హెలట్లు చరిత్రకు కనబడకుండా పోవడం ఆ రోజే మొదలైందన్నమాట.

అయితే హెరొడోటస్ చెప్పినదంతా యథాతథంగా స్వీకరించదగినది కాదు. జెర్క్సీస్ వెంట పరివారంతో కలిపి 52,83,220 మంది వచ్చారన్న ఆయన లెక్కను ఆధునిక చరిత్రకారులు అంగీకరించరు. అంత జనానికి తిండి, నీరు సమకూర్చడం అసాధ్యం. కనుక మూలగ్రంథాన్ని ఆశ్రయించడమంటే దానిని ప్రశ్నించడం కూడా.

తెరమీది థెర్మోపిలే

రుడాల్ఫ్ మాటె దర్శకత్వంలో 1962లో వచ్చిన ‘ది 300 స్పార్టన్స్’ చిత్రాన్ని బాల్యంలో చూసిన ఫ్రాంక్ మిల్లర్ 1998లో ‘300’ అనే చిత్రకథను వెలువరించాడు. దాని ఆధారంగా జాక్ స్నైడర్ తీసిన చిత్రం 2007లో ప్రపంచవ్యాప్తంగా విడుదలైంది. అందులో పారశీకులు వికృతరూపులు. ఇరాన్ ప్రభుత్వ ప్రతినిధులు ఈ చిత్రణను బహిరంగంగా ఖండించారు.

మూలంతో పోల్చినప్పుడు మూడు మార్పులు గమనార్హం. మొదటిది, స్వేచ్ఛ కోసం పోరాడినట్లు చూపబడిన స్పార్టాలో హెలట్ల ఊసే లేదు. రెండవది, కొండదారి చూపిన ఎఫియాల్టిస్‌ను హెరొడోటస్ మాలిస్ ప్రాంతీయుడిగా, బహుమతికి ఆశపడినవాడిగా మాత్రమే పేర్కొన్నాడు. చిత్రం అతనిని వికలాంగుడైన స్పార్టన్‌గా మార్చి, దేహవైకల్యానికీ ద్రోహానికీ ముడిపెట్టింది. మూడవది, చిత్రంలో ఒక కన్ను పోగొట్టుకున్న సైనికుడు ఇంటికి తిరిగివచ్చి గౌరవం పొందుతాడు. హెరొడోటస్ గ్రంథంలో కంటిజబ్బుతో ప్రాణాలతో తిరిగివచ్చిన అరిస్టొడెమస్‌ను స్పార్టా వెలివేసింది. అతనికి నిప్పు ఇచ్చినవారు లేరు, అతనితో పలికినవారు లేరు.

కథ చెప్పేది స్పార్టా సైనికుడే కనుక అతిశయోక్తి సహజమన్న సమర్థన ఉంది. అది కొంతవరకు సమంజసమే. కానీ కథకుని మాటను సందేహించడానికి చిత్రం ఎక్కడా అవకాశమివ్వదు. హెరొడోటస్ పలుచోట్ల భిన్నకథనాలను పక్కపక్కన ఉంచి, తాను దేనిని నమ్ముతున్నాడో వేరుగా చెబుతాడు.

తరగతి గదిలో థెర్మోపిలే

ఈ లోపానికి బాధ్యత చలనచిత్రానిది మాత్రమే కాదు. మృతవీరుల సమాధిపై ఆజ్ఞాపాలనను కీర్తించే శాసనం ఉండేది. జర్మనీ పాఠశాలల్లో తరతరాల విద్యార్థులు దానిని చదువుకున్నారు. 1943 జనవరి 30న హెర్మన్ గోరింగ్ రేడియో ప్రసంగంలో ఆ శాసనాన్ని స్టాలిన్‌గ్రాడ్‌లో చిక్కుకున్న జర్మన్ సేనకు అన్వయించాడు. అప్పటికి బ్రతికే ఉన్న సైనికులకు అది ముందుగా వినిపించిన మరణవార్త అయింది. హైన్‌రిష్ బోల్ 1950 నాటి కథలో యుద్ధంలో గాయపడిన యువకుడిని ఒక పాఠశాలలోని తాత్కాలిక వైద్యశాలకు చేరుస్తారు. నల్లబల్లపై అదే శాసనం తన చేతిరాతలో కనిపించినప్పుడు అది తన బడేనని అతనికి రూఢి అవుతుంది. అప్పటికి అతనికి చేతులు లేవు. ఒక పాఠం ప్రశ్న లేకుండా కంఠస్థమైతే ఎక్కడికి చేర్చగలదో ఈ కథ నిరూపిస్తుంది.

భారతీయ విద్యార్థి గమనించవలసిన అంశం మరొకటుంది. జెర్క్సీస్ సైన్యాన్ని వర్ణిస్తూ హెరొడోటస్ అందులో నూలు వస్త్రాలు ధరించి, వెదురు విల్లంబులు పట్టిన భారతీయులను పేర్కొన్నాడు. సింధు ప్రాంతం నాడు పారశీక సామ్రాజ్యంలో భాగం. చిత్రం చూసే మన విద్యార్థి తెలియకుండానే స్పార్టా వైపు నిలబడతాడు. ఎదుటి పక్షంలో తన ఉపఖండపు మనుషులు ఉన్నారన్న ఎరుక అతనికి కలగదు.

ఉపసంహారం

1955లో థెర్మోపిలే వద్ద లియొనిడాస్ విగ్రహం వెలసింది. థెస్పియన్ల స్మారకం దాని పక్కన నిలిచింది 1997లో. ఈ 42 ఏళ్ల ఆలస్యం ప్రజాస్మృతి స్వభావాన్ని సూచిస్తుంది, అది దిద్దుకోగలదని కూడా సూచిస్తుంది. చిత్రాన్ని నిషేధించడం పరిష్కారం కాదు. చిత్రంతోపాటు హెరొడోటస్ ఏడవ, ఎనిమిదవ సంపుటాలలోని సంబంధిత భాగాలను తరగతిలో చదివించి, ఎవరు లెక్కలోకి వచ్చారు, ఎవరు రాలేదు అని విద్యార్థుల చేతనే తేల్పించడం సముచితం. చరిత్రకు మూలమైన గ్రీకు పదం ‘హిస్టోరియా’కు అర్థం విచారణ. ఆ విచారణ హెలట్ల శవాల దగ్గర ఆరంభం కావలసి ఉంది.