గొయ్యి త్రవ్వు చేయి

తెలుగువారికి శ్మశానధర్మ మనగానే మొదట తోచునది హరిశ్చంద్రుని కథ. బలిజేపల్లి లక్ష్మీకాంతకవి నాటకమును తెల్లవార్లు కూర్చుండి చూచిన తరములకు కాటిసీను క్రొత్తగాదు. కాటిసుంకము చెల్లింపనిదే కన్నకొడుకునైనను కాల్పరాదని భార్యతో పలుకు కాటికాపరిని చూచి మనవారు కన్నీరు పెట్టిరి. ఆ సీనులో నటులు గుఱ్ఱము జాషువ పద్యములను చేర్చి పాడుట వాడుక. ఆ కవి అంటరానితనమును స్వయముగా అనుభవించినవాడు. అయినను ఆ కన్నీరు కాటికాపరియైన రాజు కొఱకే గాని, మన యూరి కాటిలో పనిచేయువాని కొఱకు కాదు.

నైజాము కాలపు తెలంగాణములో ఆ పనికి వెట్టి యని పేరు. పెద్దయింట ఎవరైన మరణించినచో చావుకబురును చుట్టముల యూళ్ళకు కాలినడకను కొనిపోవుట, కట్టెలు కొట్టుట, గొయ్యి త్రవ్వుట, పాడె ముందు డప్పు కొట్టుట మాల, మాదిగ కులములవారి విధులుగా ఎంచబడెను. ఇవి ఏ చట్టములోను వ్రాసినవి కావు. వ్రాయకపోవుటయే వాని బలము. లేని కాగితమును ఎవరు చింపగలరు? 1930 లో జోగిపేటలో తొలిసారి సమావేశమైన ఆంధ్రమహాసభ ఉద్యమము వెట్టిపై ఏండ్ల తరబడి పోరాడవలసి వచ్చెను.

హైదరాబాదునకు ఉత్తరమున, కౌకూరు వైపు పోయినచో ఒక వింత తోచును. ఆ పల్లెకు పొరుగుననే బొల్లారము దండు. దండులో చావు సంగతులన్నియు కాగితముపై నుండెను. క్రొత్త శ్మశానమునకు అనుమతి కావలెనని 1924 నాటి కంటోన్మెంటు చట్టము విధించెను. శవమును ఏ దారిన కొనిపోవలెనో నిర్ణయించు అధికారమును బోర్డునకిచ్చెను. శవము పోవు దారిని గూర్చి ఇంత శ్రద్ధ వహించినవారు గొయ్యి త్రవ్వువాని ఇష్టానిష్టముల ఊసెత్తలేదు. 2024 వరకు అమలులోనుండిన 1860 నాటి శిక్షాస్మృతిలోని 297వ సెక్షనును అట్టిదే. శవమును అవమానించుట దాని ప్రకారము నేరముగా నుండెను. దానిని మోయువానిని అవమానించుట ఆ సెక్షనునకు పట్టలేదు.

1950 లో రాజ్యాంగము అంటరానితనమును, వెట్టిని నిషేధించెను. శ్మశానమునకు రానీయకుండుట 1955 నాటి చట్టముతో నేరమయ్యెను. 1976 సవరణ మరియొక అడుగు వేసి, అంటరానితనము పేరిట బలవంతముగా చేయించు పనులను పేర్కొనెను: పాకీపని, పశువుల కళేబరములను తీయుట, చర్మమొలుచుట, బొడ్డుత్రాడు తీయుట, ఇట్టి ఇతర పనులు. నరుని శవము, గొయ్యి అను మాటలు మాత్రము అందులో లేవు. “ఇట్టి ఇతర పనులు” అను తోకను పట్టుకొని వాదించుట వకీళ్ళకు తెలియును. పల్లెవానికి ఎట్లు తెలియును?

ఆ మాటలు 1989 నాటి అత్యాచారముల నిరోధక చట్టమునకు చేసిన సవరణతో వచ్చినవి. అది 2016 జనవరి 26న అమలులోనికి వచ్చెను. షెడ్యూల్డు కులములు, తెగలకు చెందినవారిచేత ఇతరులు శవములను మోయించినను, గోతులు త్రవ్వించినను ఆరు నెలలకు తగ్గకుండ, ఐదేండ్ల వరకు జైలు, జరిమానా. త్రవ్వనన్నవానికి అంగడిలో ఉప్పు అమ్మకుండుట, పొలము పనికి పిలువకుండుట పల్లెలెరిగిన ఆయుధము. అట్టి వెలివేతయు, దాని బెదిరింపును ఆ సవరణలోనే నేరములైనవి. ఫిర్యాదుపై దర్యాప్తు చేయవలసినవాడు డిప్యూటీ సూపరింటెండెంటు హోదాకు తగ్గని పోలీసు అధికారి.