చరిత్ర ఆధారాలుగా రోజువారీ ముద్రిత పత్రాలు

పుస్తకాలను దాచుకోవడానికి అచ్చు వేస్తారు. టికెట్లు, కరపత్రాలు, బిల్లులు, శుభలేఖలు, వాల్‌పోస్టర్లు మాత్రం పని తీరగానే పారవేయడానికి అచ్చవుతాయి. ఇలాంటి కాగితాలను గ్రంథాలయ శాస్త్రంలో 'ఎఫిమెరా' అంటారు. 'ఒక్క రోజు ఉండేది' అనే అర్థం గల గ్రీకు మాట నుంచి ఈ పదం వచ్చింది. సరుకుల ధరలు, ప్రయాణాలు, వినోదాలు వంటి వాటిని పుస్తకాలు పట్టించుకోని చోట చరిత్రకారునికి ఇవే ఆధారాలు.

జాన్ జాన్సన్ సేకరణ

ఈ విలువను గుర్తించినవారిలో ఇంగ్లండుకు చెందిన జాన్ జాన్సన్ (1882–1956) ముఖ్యుడు. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు ఆయన ఈజిప్టులో ప్రాచీన చెత్తదిబ్బలను తవ్వి పపైరస్ పత్రాలను వెలికితీశాడు. ఆనాటి జనం పారవేసిన రసీదులు, లెక్కలు నేడు పండితులకు అమూల్యమైనప్పుడు, మన కాలపు చిత్తుకాగితాలను ఇప్పుడే ఎందుకు దాచకూడదన్న ఆలోచన ఆయనకు అక్కడే కలిగింది. 1925 నుంచి 1946 వరకు ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ముద్రాపకునిగా పనిచేస్తూ ఆయన వీటిని పోగుచేశాడు. 1968లో ఆ సేకరణ బోడ్లియన్ గ్రంథాలయానికి చేరింది. నేడు అందులో పదిహేను లక్షలకు పైగా పత్రాలున్నాయి.

భారతదేశంలో పరిస్థితి

1867 నాటి ముద్రణా చట్టం పుస్తకంతోపాటు ప్రతి అచ్చు కాగితం మీదా ముద్రాపకుని పేరు, ముద్రణ స్థలం ఉండాలని ఆదేశించింది. పాత తెలుగు కరపత్రాల అడుగున కనిపించే ప్రెస్సు పేరుకు ఇదే మూలం. తేదీ లేని పత్రం కాలాన్ని అంచనా వేయడానికి ఆ ఒక్క పంక్తి తోడ్పడుతుంది. అయితే 1954 నాటి గ్రంథ సమర్పణ చట్టం ప్రకారం మద్రాసు కన్నెమరా వంటి గ్రంథాలయాలకు పుస్తకాలు చేరతాయి గాని టికెట్లు, శుభలేఖలు చేరవు. అంటే గ్రంథాలయం పూనుకొని సేకరిస్తే తప్ప ఇవి నిలవవు.

పరిరక్షణ

వీటికి సాధారణంగా రచయిత పేరు ఉండదు. అందువల్ల వీటిని రకాన్ని బట్టి, విషయాన్ని బట్టి అమర్చి, ఎక్కడ దొరికిందో నమోదు చేస్తారు. చౌక కాగితంలోని ఆమ్లం వల్ల పత్రం పసుపుబారి పెళుసెక్కుతుంది. కాబట్టి తుప్పు పట్టే పిన్నులు తీసివేసి, ఆమ్లరహిత కవర్లలో, వెలుతురు, తేమ తగలకుండా భద్రపరుస్తారు. సెల్లోటేపు అతికించరాదు.

విద్యార్థులు ఒక విషయం గమనించాలి. జాన్సన్ సాధారణంగా 1939 తరువాతి పత్రాలను చేర్చలేదు. అవి ఆయన సేకరణలో లేనంత మాత్రాన అచ్చు కాలేదని అర్థం కాదు. ఏ సేకరణను చూసినా 'ఎవరు దాచారు? ఏవి వదిలేశారు?' అని ప్రశ్నించుకోవాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

మీ ఇంట్లోని ఒక పాత శుభలేఖను లేదా రసీదును తీసుకోండి. దాని నుంచి చరిత్రకారుడు గ్రహించగల మూడు అంశాలు రాయండి.