హేడెన్ గోపురంలో కనపడని అతుకు

న్యూయార్క్‌లోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీలో అందరూ ఫొటో తీసుకునేది పెద్ద గాజుపెట్టెలో వెలిగే తెల్లటి గోళాన్ని. ఆ 87 అడుగుల గోళంలోనే హేడెన్ ప్లానెటేరియం ఉంది. బ్యాంకరు చార్లెస్ హేడెన్ విరాళంతో 1935లో తెరిచిన పాత భవనాన్ని 1997లో మూసి కూల్చేశారు. ఆ స్థలంలో 2000 ఫిబ్రవరిలో రోజ్ సెంటర్ తెరుచుకుంది. రజతోత్సవం దాటిన ఈ కట్టడం గురించి రాసేవారు గాజునీ గోళాన్నీ వర్ణించి, జైస్ మార్క్ 9 నక్షత్రయంత్రం దగ్గర ఆగిపోతుంటారు. నా మటుకు ఆ సంస్థ చరిత్రలో అసలు మలుపు వేరే ఉంది. ఏడు వీడియో ప్రొజెక్టర్ల బొమ్మల్ని అతుకు తెలియకుండా గోపురం మీద ఒక్కటి చేసిన సాఫ్ట్‌వేరే ఆ మలుపు. నక్షత్రయంత్రం ఎంత గొప్పదైనా భూమ్మీద నిలబడ్డవాడి ఆకాశాన్నే చూపుతుంది. హైదరాబాద్‌లో 1985లో మొదలైన బిర్లా ప్లానెటేరియంలో తొలి ప్రేక్షకులు చూసిందీ అలాంటి యంత్రపు ఆకాశాన్నే. పాలపుంత దాటి వెళ్లి, వెనక్కి తిరిగి దాన్ని చూడటం ఆ యంత్రం వల్ల కాదు. టామ్ హాంక్స్ గొంతుతో 2000లో వచ్చిన ‘పాస్‌పోర్ట్ టు ది యూనివర్స్’ ప్రేక్షకుల్ని సరిగ్గా అక్కడికే తీసుకెళ్లింది.

అతుకు దాచడం చెప్పినంత తేలిక కాదు. చదునుగా తయారైన బొమ్మ వంపు తెర మీద పడగానే సాగిపోతుంది, తిన్నని గీత వంకర తిరుగుతుంది. అందుకని సాఫ్ట్‌వేర్ ఆ వంకర లెక్కగట్టి బొమ్మను ముందే ఎదురు దిక్కుకు వంచి పంపుతుంది. ఆ లెక్క కోసం ఇప్పుడు ప్రొజెక్టర్లతో గోపురం మీద చుక్కలో చారలో వేయించి, కెమెరాతో ఫొటోలు తీసి, ఏ పిక్సెల్ ఎక్కడ పడిందో పట్టిక కడుతున్నారు. ఇక రెండు బొమ్మలు ఒకదానిమీదొకటి పడేచోట వెలుగు రెట్టింపవుతుంది కాబట్టి అంచుల్లో రెండిటినీ క్రమంగా తగ్గించాలి. చెరి సగం చేస్తే సరిపోదా అంటే, చిక్కంతా అక్కడే. పూర్తి వెలుగు 255 అనుకుంటే 128 పంపినప్పుడు వచ్చేది సగం వెలుగు కాదు, ఐదో వంతుకు కాస్త పైన. సంఖ్యకూ వెలుగుకూ మధ్య గామా అనే లెక్క అడ్డుంటుంది. దాని విలువ మామూలుగా 2.2. సగం వెలుగు కావాలంటే 186 పంపాలి. ఈ సవరణ మరిస్తే గెలాక్సీల మధ్య అతుకుల వెంబడి చీకటి పట్టీలు తేలతాయి.

ఇంత తంటా ఎందుకు, నడిమధ్య ఒకే ప్రొజెక్టరుకి ఫిష్‌ఐ లెన్స్ తగిలిస్తే చాలదా అనవచ్చు. బడులకు తీసుకెళ్లే గాలి గోపురాలకు చాలు. కానీ హెచ్‌డీ ప్రొజెక్టరులో ఉండేవి 1080 వరుసలు. అందులో పూర్తి వలయం ఇమిడ్చితే 180 డిగ్రీల ఆకాశానికి డిగ్రీకి ఆరు పిక్సెళ్లు వస్తాయి. అర డిగ్రీ వెడల్పుండే పున్నమి చంద్రుడికి దక్కేవి మూడు! మంచి చూపున్న కన్ను డిగ్రీలో అరవయ్యో వంతును కూడా పోల్చుకుంటుంది. ఆ లెక్కన గోపురానికి అడ్డంగా 10,800 పిక్సెళ్లు కావాలి. పెద్ద గోపురాల్లో పనిని పంచుకోక తప్పనిది ఇందుకే.

యంత్రం దశాబ్దాలు నడుస్తుంది, కంప్యూటర్ నాలుగేళ్లకే మూలనపడుతుంది అన్న మాట ఇంకాస్త బరువైనది. నిజమే. 2000లో ఆ బొమ్మలు గీసిన ఓనిక్స్2 యంత్రాల కంపెనీ సిలికాన్ గ్రాఫిక్స్ 2009లో దివాలా తీసింది. అయితే మ్యూజియం కూర్చిన ‘డిజిటల్ యూనివర్స్’ అనే త్రీడీ నక్షత్రపటం దానితో పోలేదు. స్వీడన్‌లోని లింషోపింగ్ విశ్వవిద్యాలయంతో కలిసి చేసిన పని నుంచి యూనివ్యూ, తర్వాత నాసా సాయంతో ఎవరైనా ఉచితంగా వాడుకోగల ఓపెన్‌స్పేస్ వచ్చాయి. ఆ పటం వాటిలోకీ చేరింది. 2020లో ‘వరల్డ్స్ బియాండ్ ఎర్త్’ నాటికి ప్రొజెక్టర్లు కూడా మారిపోయాయి. సామాను మారినా పటాన్ని మళ్లీ మొదటి నుంచి గీయాల్సిన పని లేకపోయింది.

నలుపు దగ్గర మాత్రం ఆక్షేపించేవారిదే పైచేయి. వీడియో ప్రొజెక్టరు నల్లటి తెర చూపిస్తున్నప్పుడూ దాన్నుంచి కొంత వెలుగు కారుతూనే ఉంటుంది. అతుకు దగ్గర రెండు ప్రొజెక్టర్ల వెలుగూ కలిసి బూడిదరంగు పట్టీ పడుతుంది. సున్నా కంటే కిందికి ఏ సాఫ్ట్‌వేరూ తగ్గించలేదు. మిగతా తెరను కూడా అంతే బూడిద చేసి పట్టీని దాచడమే దాని చేతిలో ఉన్నది, చుక్కల ఆకాశానికి అది నష్టమే. జైస్ యంత్రం వేసే సూదిమొన తారలకు అప్పటి వీడియోలో సాటి లేదు. అందుకే ఏడు ప్రొజెక్టర్లున్న హాల్లో దాన్నీ పెట్టుకోవడం దండగ ఖర్చు అనలేం.