ఎఱ్ఱకొండల సాలమాండరు

అమెరికాలోని అలబామా రాష్ట్రపు దక్షిణభాగమున, అలబామా, కొనెకూ నదుల నడుమనున్న రెడ్ హిల్స్ ప్రాంతమందు, వృక్షచ్ఛాయచే నిత్యార్ద్రములైన నిటారు లోయగట్లలో బొరియలు చేసికొని, ఊపిరితిత్తులు లేక చర్మముతో శ్వాసించుచు, రాత్రివేళ కన్నము వాకిట పొంచి కీటకములను భక్షించు తోకగల ఉభయచరము, సాలమాండరు జాతి యొకటి కలదు. 1960లో నత్తల పరిశోధకుడగు లెస్లీ హుబ్రిక్ట్ కంటబడువఱకు శాస్త్రలోకమునకు తెలియకుండిన దీనిని మఱుసటి యేడు రిచర్డ్ హైటన్ వర్ణించి శాస్త్రనామ మొసగెను. ఈ ప్రజాతిలో జాతి యిదొక్కటే. కలపకై యడవిని ఒక్కపెట్టున నఱికి పైన్ తోటలు పెంచుటచే నేల యెండి, దీని నివాసము ఛిన్నాభిన్నమయ్యెను. సమాఖ్య ప్రభుత్వము 1976లో దీనిని ఆపదకు లోనైన జాతిగా ప్రకటింపగా, 2000లో అలబామా తన రాష్ట్ర ఉభయచరముగా స్వీకరించెను. ఆ భూములలో నధికభాగము ప్రైవేటు సొత్తగుటచే, శాసన మొక్కటే చాలదు. గట్లమీది చెట్లను నిలుపుట భూస్వాముల ధర్మము.